వసారాలో కూర్చున్న దీవెనమ్మ

గురజాలకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో దీవెనమ్మ చేతిలో పుట్టని పిల్లలు తక్కువ. మంత్రసాని పని ఆమెది. ఎవరినీ ఎదురుగా పొగిడేది కాదు, చాటున ఆడిపోసుకునేది కాదు. "పచ్చి బాలింత చేత నీళ్ళు మోయిస్తావంటే, బుద్ధుందా నీకు?" అని అత్తగారిని మొహానే అడిగేది. అడిగి, ఆ కడవ తనే ఎత్తుకునేది.

చెల్లెలు పురిట్లోనే పోతే, ఆ పసిగుడ్డు యేసురత్నాన్ని తన కొంగు కిందే పెంచింది. వాడు గుంటూరు వెళ్ళి చదువుకుని, పంతొమ్మిది వందల నలభై ఆరులో సొంత ఊరి సంఘానికే పాస్టరుగా వచ్చాడు. పాట ఎత్తుకుంటే గుడి కదిలిపోయేది. "పల్నాడు మొత్తం గాలించినా మీలాంటి ప్రసంగీకుడు దొరకడయ్యగారూ" అని సంఘపెద్ద దేవదానం ఆదివారం ఆదివారం అంటూనే ఉండేవాడు. ఆ మాటకు యేసురత్నం తల వంచుకునేవాడు గానీ, పెదవుల మీద నవ్వు దాగేది కాదు. దీవెనమ్మ అది గమనించింది.

ఆ ఎండాకాలం మాదిగపల్లె నుంచి నాలుగు కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయి. గుడి ఉన్నది మాలపల్లెలో. పెద్దలకు అది మింగుడుపడలేదు. "రానీండి, కాదనం. వసారాలో కూకోమనండి. ప్రభువు బల్ల కాడ మటుకు వాళ్ళకు వేరే గ్లాసు" అన్నాడు దేవదానం. యేసురత్నం కాదనలేకపోయాడు.

శనివారం సాయంత్రం దీవెనమ్మ వాడి ఇంటికి వెళ్ళేసరికి, మర్నాటి ప్రభువు బల్లలో అందరూ ద్రాక్షరసం తాగే గిన్నె పక్కన కొత్త రేకు గ్లాసు కనిపించింది.

"ఇదేందిరా?"

"పెద్దలు అడిగారు పెద్దమ్మా. కొన్నాళ్ళు పోతే అన్నీ సర్దుకుంటయ్."

"పెద్దలు అడిగారు సరే. ప్రభువు అడిగాడా?"

యేసురత్నం ముఖం ఎర్రబడింది. "ఊరంతా నా ప్రసంగం బాగుందంటారు. నీ నోటెంట ఒక్కసారన్నా ఆ మాట రాదు. తప్పు మటుకు వెతుక్కుంటా వస్తావ్!"

"నీ పాట చానా బాగుంటదిరా. ఇంటికెళ్ళి ఏడుస్తాను కూడా. కానీ నిన్ను ఎవురూ ఏమీ అనట్లా. అందుకే నాకు భయంగా ఉంది. ఇది తప్పు నాయనా. పదిమందిలో అనకూడదనే, నీ ఒక్కడితో చెప్తన్నా."

"ఇంక ఇంటికెళ్ళు పెద్దమ్మా" అన్నాడు గోడవైపు తిరిగి.

ఆమె ఇంటిదారి పట్టింది. కన్నబిడ్డ కన్నా ఎక్కువగా చూసుకున్నవాడు. వీడు కూడా దూరమైతే తనకింకెవరున్నారు?

మర్నాడు గుడిలో ఆమె పల్లెత్తు మాట అనలేదు. వెళ్ళి వసారాలో, కాలుతున్న నాపరాళ్ళ మీద, కొత్తవాళ్ళ పక్కన కూర్చుంది. లోపల గుసగుసలు లేచాయి. "దీవెనమ్మా! నీ చోటు అక్కడ కాదు, లోపలికి రా!" అని దేవదానం గద్దించాడు. ఆమె కదల్లేదు. పక్కనున్న మాదిగపల్లె నాగరత్నమ్మ భయంతో "మాకోసం నీకెందుకమ్మా ఈ రగడ" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

యేసురత్నం రేకు గ్లాసుతో బయటికొచ్చాడు. ఆ వరసలో మొదట ఉన్నది దీవెనమ్మే. పెద్దమ్మ కళ్ళెత్తి చూసింది. ఆ చూపులో కోపం కనిపిస్తే వాడికి తేలికయ్యేదేమో. కనిపించలేదు. "ఇది ప్రభువు రక్తం" అనాల్సినవాడు ఆ మాట అనకుండానే గ్లాసు చేతికిచ్చాడు. ఆమె తాగి పక్కావిడకు అందించింది.

ఆ తర్వాత వాడు ఆమె గడప తొక్కలేదు. దారిలో ఎదురైనా తల తిప్పుకునేవాడు. పెద్దలేమో "ముసల్దానికి మతి పోయిందయ్యగారూ, మీరు చేసిందే న్యాయం" అంటూ ఎప్పటికన్నా ఎక్కువ పొగిడారు. ఆ పొగడ్త వినేకొద్దీ వాడికి నిద్ర కరువైంది. ఆమె మాత్రం రోజూ వాడి పేరెత్తి ప్రార్థన చేసుకునేది.

నెల తిరిగాక మళ్ళీ ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. యేసురత్నం వసారాలోకి వచ్చి, అందరూ వింటుండగా, "లోపలికి రండి. నేను చేసింది పాపం. గిన్నె ఒకటే" అన్నాడు. దేవదానం కండువా దులుపుకుని లేచాడు. అతని వెంట సగం గుడి లేచిపోయింది.

ఆ సాయంత్రం వాడు దీవెనమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. "సగంమంది పోయారు పెద్దమ్మా. పోతే పోనీ. మనసులో ఇంత విషం పెట్టుకున్నోళ్ళు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే."

వాడు ఇట్లా తన గడపకు తిరిగి రావడం కోసమే ఎదురుచూసిన మనిషి. కళ్ళనిండా నీళ్ళు. అయినా తల అడ్డంగా ఊపింది.

"అట్టా అనమాక. నిన్నటిదాకా నువ్వూ వాళ్ళతోనే ఉన్నావు. రేపు పొద్దున్నే దేవదానం ఇంటికెళ్ళు. గెలిచినోడిలాగా మటుకు మాట్లాడొద్దు."

"మొహాన తలుపేస్తాడు."

"వేస్తే మళ్ళీ పోదాం. నేనూ వస్తా" అంటూ లోపలికి నడిచి, వాడికి అన్నం పెట్టింది.

దేవదానం మొదటిసారి నిజంగానే తలుపేశాడు. వాళ్ళు మాత్రం వెళ్ళడం మానలేదు.