ఎడమవైపు పెడల్

దయ్యాల మాట ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయే రకం. చాంపియన్ రీఫ్స్ బంగారు గని కూలీల లైన్లలో పుట్టినవాడిని. షాఫ్టులో చనిపోయినవాళ్ళు మళ్ళీ షిఫ్టుకు వస్తారనే కథలు వింటూ పెరిగాను, ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇది రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. నా తప్పు ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

గనులు మూతపడ్డాక బంగారుపేటలో లారీ డ్రైవింగ్ స్కూలు పెట్టాను. పని పోయినవాళ్ళే నా దగ్గరికి వచ్చేవారు. మా పాత లారీలో, నేర్పేవాడు కూర్చునే ఎడమవైపు కూడా ఒక బ్రేకు పెడల్ ఉండేది. నేను తొక్కితే డ్రైవరు కాలి కింది పెడల్ కూడా దిగుతుంది. అతను తొక్కితే నాది కదలదు. పరీక్ష రోజు అధికారి దూరంగా నీడలో నిలబడి చూసేవాడు. తడబడేవాళ్ళకు నేనే ఎడమవైపు నుంచి తొక్కేవాడిని. అలా చాలామందికి లైసెన్సు వచ్చింది.

వాళ్ళలో ప్రకాశం ఒకడు. గనిలో, భూమి కింద పట్టాల మీద రాళ్ళ తొట్లను లాగే బ్యాటరీ ఇంజిన్ నడిపినవాడు. దాని బ్రేకు చేతితో వేసేది. అందుకని లారీలో ఏదైనా అడ్డం వస్తే ముందు అతని చెయ్యి గాలిలో వెతికేది, కాలు ఆ తర్వాతే కదిలేది. అదీ ఒక్క ఊపున కాదు. సగం తొక్కి, ఆగి, మళ్ళీ తొక్కేవాడు. ఇంకో రెండు నెలలు నేర్పితే ఆ అలవాటు పోయేదేమో. నేను నేర్పలేదు. మిట్ట మీద లారీ వెనక్కి జారకుండా ఆపే పరీక్షలో అతని బదులు నేను తొక్కాను.

నాలుగు నెలలకు, ములబాగల్ దగ్గర దిగుడులో, టమాటా లోడుతో వస్తున్న అతని లారీ బస్సు కోసం నిలబడిన తల్లీకూతుళ్ళ మీదికి వెళ్ళింది. ఇద్దరూ పోయారు. ప్రకాశమూ పోయాడు. అతని శవపెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక ఎవరికోసమూ ఆ పెడల్ తొక్కకూడదని మాత్రం అనుకున్నాను.

ఆ తర్వాత పరీక్షకు వచ్చినవాడు డేవిడ్. అతనూ గనిలో ఇంజిన్ నడిపినవాడే. అదే అలవాటు. ఈ రోజు నేను పెడల్ మీద కాలు పెట్టనని ఉదయమే చెప్పాను.

“అట్లంటే ఎట్ల మాస్టర్? లారీ ఓనరు సోమవారం నుంచి రమ్మన్నాడు. ఇంట్లో నలుగురుండారు. పాతాళంలో ఇంజిన్ తోలినోన్ని, ఈ మిట్టకు భయపడ్తానా?” అని నవ్వాడు.

పట్టపగలు, పదకొండు గంటల ఎండ. కాలు దానంతటదే పోతుందేమోనని రెండు కాళ్ళూ సీటు మీదికి మడిచి కూర్చున్నాను. మిట్ట మీద లారీ వెనక్కి జారింది. డేవిడ్ చెయ్యి గాలిలో వెతికింది.

అప్పుడు నా వైపు పెడల్ దిగింది. సగం దిగి, ఆగి, మళ్ళీ పూర్తిగా దిగింది. పైనున్న రబ్బరు నొక్కుకుపోయి ఉంది. లారీ వెనకనున్న గుంజకు జానెడు దూరంలో నిలిచింది.

అధికారి కిటికీ దగ్గరికి వచ్చాడు. “బ్రేకు ఎవరప్పా తొక్కింది?”

“డేవిడే సార్,” అన్నాను. ఆయన పాస్ రాసుకున్నాడు.

కిందికి దిగాక డేవిడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. “తొక్కనంటిరి, తొక్కితిరి! అయితే ఇంత నిదానమా మాస్టర్? నా కాలి కింద సగం దిగె, నిలిచె, మళ్ళా దిగె. నా పానం పోయినంత పనాయె.”

ఆ సాయంత్రమే మెకానిక్ పెడల్ ఊడదీసి చూశాడు. లోపమేమీ లేదు. వారం తర్వాత డేవిడ్ ఇంటికి వెళ్ళి, ఆ రోజు తొక్కింది నేను కాదని, లారీ ఎక్కవద్దని చెప్పాను.

“పోనీ మాస్టర్, ఎవరు తొక్కితే ఏమి? బండి నిలిచెనా లేదా?” అన్నాడు. కాఫీ ఇప్పించాడు.

ఎవరు తొక్కారో ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను చెప్పలేను. మెల్లగా దిగుతున్న ఆ పెడల్‌ను కళ్ళతో చూశాను, అంతే. డేవిడ్ ఇప్పటికీ లోడుతో చెన్నైకి వెళ్తున్నాడు. అతను తోలే లారీలో ఎడమవైపు క్లీనరు కూర్చుంటాడు. అక్కడ పెడల్ ఉండదు.