కలుపుకున్న విడతలు

పోయిన నెల సంగం జాగర్లమూడిలో ఒక నిశ్చితార్థం భోజనాల దగ్గర, నా ఎదురు వరసలో కూర్చున్న మా మేనమామ కొడుకుని ఎవరో ఒక పెద్దాయనకి పరిచయం చేస్తూ "నిద్ర డ్రైవరు గారబ్బాయండి" అన్నారు. పెద్దాయన చటుక్కున గుర్తుపట్టి, "ఓహో, బాపట్లలో లారీ ఆపుకుని పడుకున్నాయన కొడుకా!" అని నవ్వితే వరసంతా నవ్వింది. ఆ అబ్బాయి కూడా నవ్వాడు గాని, పెరుగన్నం కలుపుకోకుండానే విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ పేరు చావలేదు. ఆ పేరు ఎలా పుట్టిందో సరిగ్గా తెలిసినవాణ్ణి అక్కడున్నవాళ్లలో నేనొక్కణ్ణే. ఆ రోజుల్లో తెనాలి లారీ ఆఫీసుల చుట్టూ తిరిగిన నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదువుతారని, చదివి ఇంకెప్పుడూ ఆ మాట అనకుండా ఉంటారని రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో పి.యు.సి. తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, తను పనిచేసే లారీ ఆఫీసులో గుమాస్తాగా పెట్టించింది మావయ్యే. మా అమ్మకి ఆఖరి తమ్ముడు. ఉన్న కాస్త పొలం అన్నల చేతిలో పెట్టి స్టీరింగు పట్టినవాడు. రేపల్లె పక్క లంకల్లో అరటిగెలలు ఎత్తించుకుని, బాపట్ల, చీరాల మీదుగా మద్రాసు తోలేవాడు. తిరిగొచ్చి తెనాలిలో సరుకు దింపడం, మళ్లీ రేపల్లె వెళ్లడం. గెలలకి ఆగే ఓపిక ఉండదు కాబట్టి మనిషికీ ఉండకూడదన్నది ఆ వ్యాపారం తీరు.

అప్పటికే డ్రైవర్ల పనిగంటలకి చట్టం వచ్చి చాలాకాలమైంది. ఆ చట్టంలో ముఖ్యమైన ముక్కలు ఇంగ్లీషులో ఒక అట్టకి అంటించి మా ఆఫీసు గోడకి వేలాడదీశారు. అయిదు గంటలు ఏకబిగిన పని చేయిస్తే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని, ఒక రోజు పనిని రెండు విడతలకి మించి ముక్కలు చెయ్యకూడదని అందులో ఉంది. చదివితే ఎంతో తేలిక. తీరా ఆచరణకి వచ్చేసరికి, విశ్రాంతి అంటే ఏమిటో చెప్పే నాథుడు లేడు. మా యజమాని దృష్టిలో చక్రం తిరగకపోతే అది విశ్రాంతే. లంకలో గెలలు ఎత్తుతుంటే ఎండలో నిలబడి చూసుకున్నా విశ్రాంతే, రైలు గేటు దగ్గర ఇంజను ఆపి ఎదురుచూసినా విశ్రాంతే, పంక్చరైన టైరు విప్పుకున్నా విశ్రాంతే. ఆ ముక్కలన్నీ పోగేసి అరగంట ఇచ్చేశామని తేల్చేవాడు. కాదని వాదించడానికి నా దగ్గర ఆ అట్ట తప్ప ఏమీ లేదు, ఆ అట్టేమో ఎటు లాగితే అటు వచ్చేది. ఆ చట్టం రాసినవాళ్లు ఒక్కసారైనా గెలల లారీ ఎక్కి ఉంటే ఇంకొక్క వాక్యం కలిపి ఉండేవాళ్లని ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

మావయ్యకి ఇంగ్లీషు రాదు. ఆఫీసుకి వచ్చినప్పుడల్లా "అల్లుడూ, ఆ అట్ట మీద ముక్క మళ్లీ ఒకసారి చెప్పు" అనేవాడు. పనికీ విశ్రాంతికీ కూడా నేను విడత అన్న మాటే వాడాను. అది ఆయనకి కాలవ నీళ్ల మాట. ఏ చేనుకి ఎప్పుడు నీళ్లు వదలాలో లస్కరు చెప్పే మాట.

"బోదెలో నీళ్లు నిలబడితే మడి తడిసినట్టేంట్రా? లారీ ఆగితే నేను పడుకున్నట్టేంటి?" అనేవాడు.

ఒకరోజు నేను ట్రంకు కాలు కోసం ఫోను చెవిన పెట్టుకుని చిరాకు పడుతున్నప్పుడు వచ్చి, తప్పిన విడత సంగతేమిటని అడిగాడు. కాలవ మీద అయితే లస్కరుని బతిమాలుకుంటే, తప్పిన వంతు తరవాత వంతుతో కలిపి ఇస్తాడట. విశ్రాంతి కూడా అలా కలుపుకోవచ్చా అని ఆయన సందేహం. కలుపుకోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. అది నాకు తెలుసు. తెలిసీ, తల ఎత్తకుండా, "కలుపుకో మావయ్యా, నీకడ్డమేంటి" అన్నాను.

ఆ వారమే, ఎండలు మండిపోతున్న రోజుల్లో, రేపల్లెలో లోడెత్తుకుని బయలుదేరిన మావయ్య బాపట్లలో ఒక మిల్లు షెడ్డు పక్కన లారీ ఆపి, టార్పాలిను పరుచుకుని, లేపొద్దని క్లీనరుకి చెప్పి పడుకున్నాడు. పొద్దున పడుకున్నవాడు ఎండ వాలాక లేచాడు. మద్రాసు చేరేసరికి గెలలు మగ్గి కారిపోయాయని మండీవాళ్లు ఫోను చేశారు.

తిరిగొచ్చిన రోజు ఆఫీసు వసారాలో డ్రైవర్లందరి ముందు పంచాయతీ పెట్టారు.

"ఏమయ్యా, అత్తారింటికొచ్చావా? పరుపు కూడా వేయించమంటావా?" అన్నాడు యజమాని.

"రూల్లో ఉందండి. తప్పిపోయిన విడతలన్నీ కలుపుకున్నానండి," అన్నాడు మావయ్య ఎంతో మర్యాదగా.

వసారా గొల్లుమంది. ఎవడు చెప్పాడా రూలని యజమాని గద్దించాడు. మావయ్య నావైపు ఒక్కసారి చూశాడు. నా జీతం మీదే మా అమ్మ పొయ్యి వెలుగుతోందని ఆయనకి తెలుసు.

"నేనే అట్టా అనుకున్నానండి," అన్నాడు.

నేను నోరు విప్పలేదు. మావయ్య పని పోయింది. నిద్ర డ్రైవరన్న పేరు ఆయనకంటే ముందే అన్ని ఆఫీసులకీ వెళ్లింది కాబట్టి, తెనాలిలోనే కాదు, బాపట్లలో కూడా ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. తాగి పడుకున్నాడని తరవాత ఎవరో కలిపారు. అది పచ్చి అబద్ధం. బాపట్ల చేరేదాకా ఆ వారమంతా ఆయన ఒక్క పూట కూడా నడుం వాల్చలేదని క్లీనరు అప్పుడే చెప్పాడు, వినేవాళ్లే లేకపోయారు.

తరవాత రేపల్లెలో ఒక మిల్లు గేటు దగ్గర కాపలా పని దొరికింది. మా ఇంటికి వస్తే మా అమ్మ మంచం వాల్చేది, కాని ఆయన గోడకి ఆనుకుని కూర్చునేవాడే గాని పగటిపూట ఎవరి కళ్లముందూ పడుకోలేదు. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా అలాగే కూర్చున్నాడు. "పడుకో మావయ్యా" అనడానికి నాకు నోరు రాలేదు. పోయేదాకా నన్ను ఆ సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మద్రాసు రోడ్డు వెడల్పయింది. దూరం లారీలకి ఇద్దరేసి డ్రైవర్లు ఉంటున్నారు, దారి పొడుగునా హోటళ్ల ముందు నులకమంచాలు వేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం లారీ నీడన తువ్వాలు మొహాన కప్పుకుని, కాళ్లు బారజాపి పడుకున్న డ్రైవర్లు కనిపిస్తారు. ఎవరూ నవ్వరు, ఎవరూ పేరు పెట్టరు. బస్సులో వాళ్లని దాటుతున్నప్పుడు, మా డ్రైవరు ఈ కాస్త దూరం హారను కొట్టకుండా పోనిస్తే బాగుండునని అనుకుంటూ ఉంటాను.