రేకలో కుదిరిన సంబంధం

మొన్న హనుమకొండలో ఒక రిసెప్షన్‌కు వెళ్లాం. మగవాళ్లు ఒక్కొక్కరే మాయమై, హాలు వెనక నిలిపిన కార్ల దాకా పోయి, సోంపు నములుతూ మహా పెద్దమనుషుల్లా తిరిగొస్తున్నారు. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఛీ, పెండ్లికొచ్చిండ్రా, తాగనీకొచ్చిండ్రా?" అంది. ఆ కొంగును చూసి నాకు నవ్వొచ్చింది, వెనకే తికమకా వచ్చింది.

ఎందుకంటే మా సంబంధం కుదిరిందే కల్లు మీద. మా బాపు ఊళ్లో వ్యవసాయం వదిలి వరంగల్‌లో కిరాణా కొట్టు పెట్టాక, మా ఇంట్లో కల్లు మాటెత్తితేనే తప్పయిపోయింది. వర్ధన్నపేట అవతల పల్లెకు పిల్లను చూడబోతుంటే మా అవ్వ, అంటే మా అమ్మ, "ఆడ ఎవలేమి పోసినా ముట్టకు" అని మరీ పంపింది. పిల్ల నాకు తెగ నచ్చింది. మాటలయ్యాక పిల్ల అమ్మమ్మ లొట్టి నిండా కల్లు తెప్పించి, తాటాకును దోనెలా మడిచి, ఆ రేకలో కల్లు పోసి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. "మా చేతి కల్లు ముట్టనోనికి మా పిల్లనెట్లిత్తం?" అంది ముసలమ్మ. బాపు నా వంక చూడకుండా తాటిచెట్ల వంక చూశాడు. తలుపు చాటు నుంచి పిల్ల మాత్రం నన్నే చూస్తోంది.

రేక ఎత్తి లొట్టెడు కల్లు ఒక్క గుక్కలో తాగేశానని మనవలకు చెబుతుంటాను. నిజానికి లోపలికి పోయింది గుక్కెడే. రేక పట్టడం చేతకాక వంచేసరికి, మిగతాదంతా అంగీ చేతిలోంచి నడుము దాకా దిగింది. "పట్నం పిలగాడు అంగీకి తాపుతాండు!" అని ముసలమ్మ పగలబడి నవ్వింది. తలుపు చాటునా నవ్వు వినిపించింది. సంబంధం ఖాయమైంది. ఇంటికొచ్చాక అంగీ వాసన చూసి అవ్వ, "ఇజ్జత్ తీస్తివి గదరా!" అని లబలబలాడింది. బాపూ ఆమెతో కలిసి తిట్టాడు. ఆయనా అక్కడ తాగాడు కాబట్టి, జర దూరంగా నిలబడి తిట్టాడు.

"మీ అమ్మమ్మ పోసింది యాదికున్నదా?" అని ఆ రిసెప్షన్‌లోనే మా ఆవిడను అడిగాను. "అది ఇంటికొచ్చినోళ్లకు మర్యాద. ఇది తాగుడు. గంత తెల్వదా?" అంది. "మరి మా అవ్వ నన్నెందుకు తిట్టినట్టు?" ఆమె కొంగు చాటున నవ్వింది. మర్యాదకూ తాగుడుకూ నడుమ గీత ఎన్ని చోట్లకు జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు గానీ, తలుపు చాటున విన్న ఆ నవ్వు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.