ప్రభు బల్ల గ్లాసులో స్పిరిట్ ఎవరు పోశారు

నర్సుగా పనిచేసే మా అమ్మ ఆసుపత్రి స్పిరిట్ తెచ్చి, చర్చిలో ప్రభు బల్లకు అందరికీ చిన్న గ్లాసుల్లో పంచే ద్రాక్షరసంలో కలిపిందని మా సంఘంలో ఇప్పటికీ చెబుతారు. ఒట్టి అబద్ధం. సూదికి ముందు దూదితో రాసే ఆ స్పిరిట్‌లో, ఎవరూ తాగకుండా విషమో చేదో కలిపి ఉంచుతారు. అదే పోసి ఉంటే మధ్యాహ్నానికల్లా సంఘమంతా వాంతులతో మా అమ్మ వార్డులోనే పడి ఉండేది.

తప్పు నాది. తొంభైల నడుమ, మద్యనిషేధం నడుస్తున్న రోజులు. కెమిస్ట్రీ డిగ్రీ అప్పుడే చేతికొచ్చిన గర్వం నాది. నెలనెలా మొదటి ఆదివారానికి ద్రాక్షరసం చేసే పని అమ్మది. నర్సీపట్నం బజారులో నల్లద్రాక్ష కొని, మరగకాచి, వేడిగానే సీసాలకెత్తేది. "కాస్తే విటమిన్లు పోతాయమ్మా" అని నేనే మాన్పించాను. పచ్చిరసంలో పంచదార వేసి, మూత బిగించి, పదిరోజులు గూట్లో పెట్టాం. పులియబెట్టే ఈస్టు ద్రాక్షతొక్క మీదే ఉంటుందని, మరగకాస్తే చస్తుందని పరీక్షలో రాసినదాన్నే! ఆదివారం మూత ఠప్పుమని ఎగిరినా అనుమానం రాలేదు.

ఆ పూట చర్చిలో, సారా మానేసి సంఘంలో చేరిన ఒక పెద్దాయన చిన్న గ్లాసును ముక్కు దాకా తెచ్చి, తిరిగి పళ్ళెంలో పెట్టేశారు.

"నాకొద్దండి. దీన్ని నానెరుగుదును."

వెనక వరసలో ఒకావిడ అందుకుంది: "నర్సమ్మగారింట్లో స్పిరిట్టుకేటి కరువు?"

అమ్మ చేతినుంచి ఆ పని తీసేయాలని సంఘ పెద్దలు కూర్చున్నారు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను రెండో సీసా వాళ్ళ ముందే విప్పి, పొంగే నురగ చూపించి, పులిస్తే చక్కెరే ఆల్కహాల్ అవుతుందని, కలిపితే ఈ గ్యాసు పుట్టదని వాదించాను.

"సదువుకున్నోలు ఏటైనా సెప్తారు" అన్నారు ఒక పెద్ద.

అప్పుడు ఆ సారా మానిన పెద్దాయనే లేచారు. "నాను ఇరవయ్యేళ్ళు సారా కాసినోణ్ణి బాబూ. కలిపిందైతే ముక్కుకి సర్రుమంటాది. ఇది పులిసింది. ఆయమ్మనేటీ అనకండి."

నా డిగ్రీ నెగ్గలేదు, ఆయన ముక్కు నెగ్గింది. పని అమ్మకే ఉంది, రసం మళ్ళీ పొయ్యెక్కింది. పై నెల ఆయన వాసన చూడకుండానే తాగారు.

నేనే ఊరుకోలేకపోతున్నాను. ఆ గ్లాసులో రెండు చెంచాల రసం పడితే గొప్ప. అందులో ఆల్కహాల్ ఎంత, నాలుగు చుక్కలా? ఒక డాక్టరు ఏమీ కాదన్నారు. ఇంకొకరు, మానినవాడికి చుక్కైనా వద్దన్నారు. ఆ ఆదివారం ఆయన మొహమాటానికి మింగేసి ఉంటే, ఆ నాలుగు చుక్కలు ఆయన్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళేవి?