దానంతటదే కదిలిన బాణం

ఆ వీధిలో ఆమెను అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. కూరగాయలకి వెళ్ళినా, డాక్టరు దగ్గరికి వెళ్ళినా అది అలా వేలాడుతూనే ఉంటుంది.

టేపక్కది పుట్టుపిరికితనం. లిఫ్టు ఎక్కదు. వీధి చివరిదాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానో లేదో అని వెనక్కి వస్తుంది. "మా కోడలు తన నీడకి కూడా దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కుట్టుమిషను దగ్గర మాత్రం ఆ మనిషే వేరు. ఒకసారి సూది గోట్లోంచి దిగిపోతే అరవకుండా, చక్రం తనే వెనక్కి తిప్పి వేలు బయటికి తీసుకుంది. గుడ్డపేలిక చుట్టుకుని మిగతా కుట్టు పూర్తిచేసి గానీ లేవలేదు.

బట్టల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి ఆమె కుట్టింది ఒక్క చేతులే. వేల చొక్కాలకి చేతులు పెట్టింది గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒక్క చొక్కా కుట్టిన పాపాన పోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ముందుగదిలో మిషను వేసుకుంది. జనం గౌను అడిగారు, కోటు అడిగారు. ఈమెకి వచ్చింది చేతులు. అప్పుడు ఆడపడుచు, తన ఆఫీసులో తీసేస్తున్న పాత కంప్యూటరూ ప్రింటరూ తెచ్చి ఆ గది మూల పెట్టింది.

"వదినా, కట్టింగు నమూనాలన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి. దింపుకో, తెరువు, ప్రింటు తియ్యి. కాగితాలు వరసగా అతికించి గుడ్డ మీద పరిచి కత్తిరించుకో. అంతే."

అంతే అన్నది నేర్చుకోవడానికి చాలా కాలమే పట్టింది. కానీ పట్టుబడింది. కాగితాల అంచుకి అంచు కలిపి అతికిస్తుంటే ఒక మనిషి ఆకారం నేల మీద మెల్లగా బయటపడటం ఆమెకి ఎంత చూసినా తనివి తీరేది కాదు.

వానలు మొదలయ్యే ముందు, వెనక వీధిలో ఉండే పాత పోస్ట్‌మాన్ చక్రాల కుర్చీలో వచ్చాడు. జీవితమంతా వానలో తిరిగినవాడు. కాళ్ళు పడిపోయాక వాన అంటే విసుగు పుట్టింది.

"రెయిన్‌కోట్లన్నీ నిలబడేవాళ్ళకే కుడతారమ్మాయ్. కూర్చుంటే ఒళ్ళో చెరువే. కూర్చున్నవాడికి పనికొచ్చేది ఒకటి కుట్టిపెట్టు తల్లీ."

మర్నాడు మధ్యాహ్నం టేపక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. భర్త బస్సు డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు లోపలిగదిలో నడుం వాల్చింది. వెతగ్గా వెతగ్గా దొరికింది: ముందు పొడుగు, వెనక పొట్టి, మోకాళ్ళ మీదుగా కిందికి జారే కోటు. ఆ పేజీలో 'డౌన్‌లోడ్' అన్న బటన్లు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దగా, పచ్చగా మెరుస్తున్నదాన్ని నొక్కింది. ఏదో దిగింది. దాన్ని తెరిచింది.

తెర అంతా ఎర్రబడింది. ఫైరింజన్ వచ్చినట్టు గంట మోగింది. ఒక ఆడగొంతు చెప్పినమాటే చెప్పడం మొదలుపెట్టింది: "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. ఆపవద్దు. ఆపితే అందులో ఉన్నదంతా పోతుంది. వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి."

టేపక్క ఏ మీట నొక్కినా ఎరుపు పోదు, గంట ఆగదు. ఇన్నాళ్ళూ దాచుకున్న కట్టింగులన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్ళి ఫొటోలూ, అత్తగారి ఆపరేషన్ కాగితాలూ, భర్త లైసెన్సూ అన్నీ అందులోనే. 'అయిపోయింది, నా చేత్తో నేనే కొంప ముంచాను' అనుకుంటూ నంబరు నొక్కింది.

అవతల మగమనిషి. గొంతు వెన్నపూసలా ఉంది.

"భయపడకండి మేడమ్. మేమున్నాంగా. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నేను చెప్పింది దింపుకోండి."

దింపుకుంది. తెర మీద వచ్చిన అంకెలు చదవమంటే చదివింది. గంట ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే, ఆమె చెయ్యి ఒళ్ళో ఉండగానే, తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది.

మౌస్ వైపు చూసింది. అది బల్ల మీద కదలకుండా పడి ఉంది. బాణం మాత్రం నింపాదిగా తిరుగుతోంది. ఎవరో చీకట్లో గోడ తడుముకుంటూ ఇంట్లోకి వచ్చినట్టుంది. ఒక ఫోల్డర్ తెరిచింది. పెళ్ళి ఫొటో మీద కాసేపు ఆగింది. మూసింది. లైసెన్స్ తెరిచింది. దాన్ని మూయలేదు. టేపక్క మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుంది.

"ఇప్పుడు మీ బ్యాంకు పేజీ తెరవండి మేడమ్."

"అది... మా ఆయనకే తెలుసండీ."

వెన్న కరిగిపోయింది. "చూడు, నీ కంప్యూటర్ నుంచి తప్పుడు పనులు జరిగాయి. కేసు నీ మీదే పడుతుంది. మర్యాదగా చెప్పింది చెయ్యి."

అప్పుడే అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. చెవులు సరిగా వినపడవు గానీ ఈ గొంతు మాత్రం బాగానే వినపడింది. "ఎవడే వాడు? ఇంట్లో మగగొంతేంటి?"

"ఎవరక్కడ?" అన్నాడు ఫోన్లో మనిషి. "ఆవిడని లోపలికి పంపించి తలుపేసుకో."

తలుపేసుకో. ఆ మాట దగ్గర టేపక్క ఆగిపోయింది. కంప్యూటర్ బాగుచేసేవాడికి మా అత్తగారు చూస్తే వచ్చిన నష్టమేంటి? వాడి మీద కోపం రాలేదు, అంత ధైర్యం ఎక్కడిది. తలుపేసుకుంటే ఈ గదిలో తానూ ఆ బాణమూ మాత్రమే మిగులుతామన్న భయం వచ్చింది. ఆ భయంతోనే బల్ల కిందికి దూరింది.

"ఆపితే అంతా పోతుంది! వింటున్నావా?" అని పైన ఫోన్ అరుస్తోంది. ప్లగ్గు బిగుసుకుపోయి ఉంది. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. ప్లగ్గూ సాకెట్టూ పెచ్చులతో సహా ఊడి చేతికొచ్చాయి. తెర నల్లబడింది.

ఫోన్ కట్ చేస్తే మళ్ళీ మోగింది. కట్ చేస్తే మళ్ళీ. చివరికి దాన్ని గుడ్డముక్కల సంచిలో అడుగున కుక్కేసింది. ఆ సంచి అలా మోగుతూనే ఉంది. కోడలూ అత్తగారూ గోడకి ఆనుకుని, సంచి ఎక్కడ లేచి వస్తుందోనన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం భర్త గుమ్మం ఎక్కాడో లేదో అత్తగారే అందుకుంది. "ఒరే, తలుపు తియ్యకుండా ఒకడు ఇంట్లోకొచ్చాడురా. నీ పెళ్ళాం వాణ్ణి కరెంటు పీకి తరిమింది."

తిడతాడనుకున్న మనిషి, టేపక్క మిగతాది చెబుతుండగా సగంలోనే కుర్చీలో కూలబడ్డాడు. "నా లైసెన్స్ చూశాడా?" అని మెల్లగా అడిగాడు. అతని ముఖంలో రంగు పోవడం చూశాక ఆమె భయం ఇంకాస్త పెరిగింది. అప్పటికప్పుడు బ్యాంకు వాళ్ళకి ఫోన్ చేసి ఖాతా ఆపించాడు. మర్నాడు ఇద్దరూ వెళ్ళి పోలీసులకి చెప్పి వచ్చారు. డబ్బేమీ పోలేదన్నారు. ఇకముందు పోదని మాత్రం ఎవరూ అనలేదు.

ఆడపడుచు వచ్చి, ఊడిన సాకెట్టు బిగింపించి, కంప్యూటర్‌ని కడిగినట్టు మొత్తం తుడిచేసింది. కట్టింగులు పోయాయి. ఫొటోల్లో చాలా పోయాయి.

"పెద్దగా మెరిసేది ప్రకటన వదినా. అసలైన లింకు కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. దింపినదాని పేరు చివర 'పీడీఎఫ్' అని ఉంటేనే తెరువు."

టేపక్క తలూపింది గానీ కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసింది. ఊడ్చేటప్పుడు కూడా ఆ మూలకి వెళ్ళేది కాదు. ఫోన్ మోగితే చేతిలో కత్తెర జారిపోయేది. పోస్ట్‌మాన్ ఏమీ అడగలేదు. కానీ ఒకరోజు జోరువానలో, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి పరుచుకుని, ముడుచుకుని వెళ్తూ కిటికీలోంచి కనిపించాడు. ఈమె కూడా కనిపించింది కాబోలు, చెయ్యి ఊపాడు.

ఆ పూట దుప్పటి తీసింది. "అత్తయ్యా, కాస్త ఇక్కడ కూర్చోరూ?"

ముసలావిడ స్టూలు లాక్కుని స్విచ్ మీద వేలు పెట్టుకుని కూర్చుంది. "కదిలిందా చెప్పు, పీక నొక్కేస్తాను."

చిన్నక్షరాల లింకు నొక్కేటప్పుడు టేపక్క రెండుసార్లు గురి తప్పింది. దిగింది. చివర పీడీఎఫ్ ఉందా? ఉంది. మళ్ళీ చదివింది. కళ్ళు మూసుకుని తెరిచింది. కళ్ళు విప్పితే తెల్లటి తెర మీద సన్నటి గీతలు, ఒక భుజం, ఒక టోపీ సగం. బాణం ఆమె కదిపితేనే కదిలింది.

ప్రింటరు మొదటి కాగితం నమిలేసింది. రెండోది బయటికొచ్చింది. కొలత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి దాని మూలలో ఒక చిన్న చతురస్రం ఉంటుంది. దాని మీద టేపు ఆనించింది. కురచగా ఉంది. కాగితానికి సరిపడేలా కుదించెయ్యమన్న గడిలో టిక్కు ఉండిపోయింది. దాన్ని తీసేసి మళ్ళీ కొట్టింది. ఈసారి గీతకి గీత సరిపోయింది.

కోటు తొడుక్కుని చూసి పోస్ట్‌మాన్ మురిసిపోయాడు. కాకపోతే టోపీ కళ్ళ మీదికి జారుతోందన్నాడు. టేపక్క కోటు వెనక్కి తీసుకుని, ఆయన తల చుట్టూ టేపు తిప్పుతుండగా ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. అది మోగి మోగి ఆగిపోయేదాకా ఆయన నుదుటి మీద టేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత కొలత చూసి, సుద్దతో గుర్తు పెట్టుకుంది.