కూడికకు తెచ్చిన గిన్నె

చిట్టవ్వా, నువ్వు లేవన్న మాట నా చేత్తో రాయాల్సి వచ్చింది బిడ్డా.

మా బిడ్డ పోయిన నెల ఆసుపత్రిలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. డెంగీ జ్వరం. యూనివర్సిటీలో ఎమ్మే చదువుతుండేది. మీలో చాలామందికి ఈ సంగతి తెలుసు. అయినా మన పాస్టరు అయ్యగారు, "బిడ్డ గురించి నువ్వే రాయమ్మా, మన సంఘ పత్రికలో వేద్దాం" అన్నారు. నేను ఐదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి. చేయి రాక కాదు, మీకు ముఖం చూపించలేక ఇన్ని రోజులు ఆగాను.

మాది లాలాగూడ. మా ఆయనది రైల్వే వర్క్‌షాపులో పని. నేను యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో రొట్టెలు చేస్తాను. మన చర్చి తార్నాకలో, క్యాంపస్ గేటు దగ్గరి సందులోనే కాబట్టి పని అయ్యాక అటే నడిచి వచ్చేదాన్ని.

మేము విశ్వాసంలోకి కొత్తగా వచ్చినప్పుడు బిడ్డ చిన్నది. ఎవరో "స్త్రీల కూడిక ఉంది, రండి" అని పిలిచారు. మా ఊళ్ళో కూడు అంటే అన్నం. కూడిక అంటే అందరూ కలిసి కూడు తినే చోటు కాబోలు అనుకున్నాను. వట్టి చేతులతో పోతే బాగుండదని పప్పు వండి, స్టీలు గిన్నెలో పోసి, మూత మీద గుడ్డ కట్టుకొని పోయాను. అందరి చేతుల్లో బైబిళ్ళు, నా చేతిలో గిన్నె. మనమంతా గుంటూరక్క అని పిలుచుకునే అక్క అది చూసి, "ఇదేంటమ్మా, కూడికంటే భోజనాలనుకున్నావా?" అని నవ్వింది. అందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోయినట్టయింది. అప్పుడు నా కొంగు పట్టుకొని నిలబడ్డ పిల్ల, "అమ్మా, నాకు ఆకలైతుంది, మూత తియ్యి" అంది గట్టిగా. ప్రార్థన అయ్యాక ఆ పప్పు అందరం తిన్నాం. గుంటూరక్క మళ్ళీ అడిగి వేయించుకుంది.

పెద్దదయ్యాక కూడా మా బిడ్డ ఆ ముచ్చట మరిచిపోలేదు. ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది. చిన్నపిల్లల చెప్పులు జతలు జతలుగా గోడ పక్కన పెట్టేది. తెలంగాణ కోసం బంద్‌లు మొదలై బస్సులు ఆగిపోతే లాలాగూడ నుంచి నడిచి వచ్చేది. ఈ ఎండలో ఎందుకే అంటే, "బంద్ బస్సులకు, నా కాళ్ళకు కాదమ్మా" అనేది. అట్లని ఉద్యమం పట్టనిది కాదు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు గరిటె పట్టుకొని అందరికీ వడ్డించింది. చెమటలు కారుతుంటే నన్ను చూసి, "చూసినవా అమ్మా, గిది గూడ కూడికనే!" అని నవ్వింది.

ఆ రోజుల్లోనే క్యాంపస్‌లో పిల్లల మీద లాఠీలు పడ్డాయి. నేను రొట్టె పెట్టే పిల్లలు తలలకు కట్లు కట్టుకొని మెస్సుకు వచ్చారు. ఆ ఆదివారం ప్రార్థనలో నా మనసు ఆగలేదు. "ప్రభువా, మా పిల్లలను కాపాడు. మా తెలంగాణ మాకియ్యి" అని ఏడ్చాను. మన చర్చిలో ఎవరు ఏం అడిగినా చివర అందరం ఆమెన్ అంటాం. పెళ్ళి కుదరాలన్నా ఆమెన్, మోకాళ్ళ నొప్పి పోవాలన్నా ఆమెన్. ఆ రోజు మాత్రం ఎవరూ అనలేదు. ఆంధ్ర వాళ్ళే కాదు, మన వాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవ అని తలలు దించుకున్నారు. తర్వాత వెనక నుంచి మా బిడ్డ గొంతు ఒక్కటే, "ఆమెన్" అంది.

ఇంటికి వచ్చి గిన్నెలు విసిరాను. "ఇగ ఆ చర్చిల కాలు పెట్ట."

"నేనన్న గదనే అమ్మా."

"నువ్వొక్కదానివంటే అయితదా? ఆ గుంటూరామె నోరు తెరిచిందా? నా పప్పు తిననీకి మాత్రం తెరిచింది!"

దానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున పొయ్యి దగ్గరే కూర్చున్నాను. అది తల దువ్వుకుంటూ "అమ్మా, రావే" అని పిలిచేది. "దేవుడు మనింట్ల లేడా?" అని నేను అనేదాన్ని.

"మనింట్ల గూడ ఉన్నడు. గుంటూరాంటీ ఉండదు గద."

అదేం జవాబో నాకు అప్పుడు ఎక్కలేదు. "అయితే పో. పోయి ఆమె పక్కనే కూసో. గాడ పిల్లల తలకాయలు పగులుతున్నయి, నీకు పాటలు గావలె" అన్నాను. కన్నతల్లి అనాల్సిన మాట కాదు. అయినా అది ప్రతి ఆదివారం, "రెండు జొన్న రొట్టెలు ఎక్కువ చెయ్యమ్మా, ఆకలైతది" అని డబ్బాలో తొక్కు పచ్చడి కూడా పెట్టుకొని పోయేది. క్యాంపస్ దోస్తులతో తింటుందనుకున్నాను. క్రిస్మస్ వచ్చింది, పోయింది. నేను రాలేదు.

ఒక ఆదివారం అది జ్వరంతో లేవలేదు. మామూలు జ్వరమే అని కషాయం కాచి ఇచ్చాను. ఆరాధన అయిందో లేదో, గుంటూరక్క ఆటోలో మా వాకిట్లో దిగింది.

"అమ్మాయి రాలేదేంటి చెల్లీ? బంద్‌లో కూడా నడిచొచ్చే పిల్ల. చాపలు పరవలేదు, మేమంతా గుమ్మంలోనే నిలబడ్డాం. నాకెందుకో భయమేసింది" అంటూనే లోపలికి వచ్చి నుదురు ముట్టుకుంది. "ఇది కషాయానికి తగ్గే జ్వరం కాదు, పద పద" అని అదే ఆటోలో ఎక్కించింది. వారం వారం తప్పకుండా కనబడే మనిషి కాబట్టి, ఒక్క వారం కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చారు.

ఆసుపత్రి వరండాలో అక్క క్యారియరు విప్పి నా చేతిలో పెట్టింది. "తిను చెల్లీ. ఇన్నాళ్ళూ నీ చేతి రొట్టెలు తిన్నదాన్ని. మొదట్లో తొక్కంటే ఏదో పారేసేదనుకున్నా, ఇప్పుడది లేకపోతే నాకు ఆదివారమే కాదు. 'మెస్సులో పనుండి అమ్మ రాలేదు, మీ కోసమే పంపింది ఆంటీ' అనేది అమ్మాయి. ఆ రోజు నీ ప్రార్థనకి ఆమెన్ అనలేకపోయా. అయినా మనసులో పెట్టుకోకుండా పంపుతున్నావే అని ఎంత సిగ్గుపడ్డానో నీకు తెలీదు."

ఎత్తిన ముద్ద క్యారియరులోనే పెట్టేశాను. నేను పంపలేదక్కా అనాలి. అనలేదు. ఆమె నా వీపు నిమురుతూ నీళ్ళు తాగించింది.

లోపలికి పోయి బిడ్డను అడిగాను. "అట్లెందుకు చెప్పినవే?"

దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "అబద్ధమే చెప్పిన. నువ్వొచ్చి నిజం జేస్తవనుకున్ననమ్మా."

అది బతికుండగా నేను నిజం చేయలేదు. తర్వాతి ఆదివారం దాకా అది ఉండలేదు.

ఇంట్లో ఒక్కదాన్నే చేసుకున్న ప్రార్థనకు నేనే ఆమెన్ అనుకున్నాను. నా కోపానికి కూడా నేనే ఆమెన్ అనుకున్నాను. కాదు అనేవాళ్ళు పక్కన లేరు. నేను చర్చి మానింది దేవుని మీద కోపంతో కాదు, కానీ మనుషుల్ని మానేసరికి ఆయన మాట కూడా నాకు సరిగ్గా వినబడకుండా పోయింది. మనింట్ల గుంటూరాంటీ ఉండదు గద అని బిడ్డ చెప్పిన జవాబు ఇప్పుడు అర్థమవుతోంది. సమాధి దగ్గర అయ్యగారు ప్రార్థన ముగించగానే గుంటూరక్క నన్ను పట్టుకొని, నా వంతు ఆమెన్ కూడా తానే అంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా బిడ్డ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక. నేను ముందే వస్తాను, చాపలు నేను పరుస్తాను. మూతకు గుడ్డ కట్టి ఆ పాత స్టీలు గిన్నెలో పప్పు తెస్తాను. గుంటూరక్కా, నువ్వు తిన్న రొట్టెలు నేను పంపినవి కాదు, నా బిడ్డ నా పేరు పెట్టి ఇచ్చినవి. అందరి ముందు చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఈసారి తెచ్చే రొట్టెలు మాత్రం నేను నీ కోసం చేసినవే.

మీరంతా రండి. ఆకలి లేదని లేచిపోకండి. కడుపునిండా తినండి.