అన్న వేళ్ళకు తెలిసిన దారి

పొద్దున లేచేసరికి నా ఫోను తనంతట తానే కొత్త రూపం తొడుక్కుని కూర్చుంది. నొక్కాల్సినవి ఎక్కడున్నాయో వెతుక్కుంటుంటే, కంప్యూటర్లతోనే బతికిన నీకూ ఇదేనా గతి అని మా అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం తమిళనాడులో, వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఉండిన మా అన్న గుర్తొచ్చి నవ్వు రాలేదు.

వేలూరులో ఒక కాలేజీ కంప్యూటర్లు చూసుకుంటున్న రోజుల్లో నాకు విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ అనే సిస్టమ్ పిచ్చి ఉండేది. ఆదివారాలు ఒక మిత్రుడి మేడగదిలో చేరి, సిస్టమ్ రోజూ కొంచెం కొంచెంగా మారుతూ పోవాలా, లేక ఒకసారి విడుదలైన దాన్ని కొన్నేళ్ళు కదపకుండా ఉంచాలా అని టీలు చల్లారేదాకా కొట్టుకునేవాళ్ళం. నేను రోజూ మారే పక్షం. ఎంత పొగరుగా వాదించేవాణ్ణో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

లుంగీలు నేసిన అన్నకు సుగర్ వల్ల చూపు పోయింది. ఇంట్లో మాట తెలుగే అయినా చదువు అరవంలో సాగడంతో, కళ్ళున్నప్పుడు కూడా ఆయన తెలుగు పుస్తకం చదివి ఎరుగడు. పైకి చదివి వినిపించే కంప్యూటరు ఒకటి అమర్చి ఇస్తే, ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టి నేర్చుకుని, ఆ మరగొంతులో మొదటిసారి తెలుగు కథలు విన్నాడు. వదినను కూడా పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అప్పుడే నాతో చెప్పాడు: “నా చేతి యేళ్ళకి దావ తెలిసి ఉండాది. దీన్ని మార్చొద్దురా నాయనా.”

సరేనన్నాను. అయినా రోజూ తనంతట తానే మారే ఏర్పాటును తీసెయ్యలేదు. పైగా, తెలుగు చదవడం పట్టుబట్టి నేర్చుకున్న భాషాభిమానంతో తెర మీది అక్షరాలన్నీ తెలుగులో పెట్టాను, ఆ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కరూ లేరన్న సంగతి మరిచి.

ఒక నవల సగంలో ఉండగా సిస్టమ్ తనంతట తాను మారి, ఆ మరగొంతు ఆగిపోయింది. తెర మీద ఏముందని ఫోనులో అడిగితే పాపం వదిన, “ఏందో గుండ్రంగా రాసుండాదప్పా, నాకేం తెలుసు” అంది. మరుసటి ఆదివారం బస్సెక్కి వెళ్ళి గంటలో గొంతు తెప్పించాను గానీ, లోపలి జాబితాల వరస మారిపోవడంతో అన్న లెక్కలన్నీ తప్పాయి. కదలని రకాన్ని తెచ్చి ఎక్కిస్తే దాని వరస ఇంకొకటి. వారం వారం ఏదో ఒకటి సవరిస్తూనే ఉన్నాను, ఆయన వేళ్ళు తడబడుతూనే ఉన్నాయి. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని, “ఇంక చాల్లేరా. దావ మళ్ళా నేర్చుకునే ఓపిక లేదు” అన్నాడు.

అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మీటలే అక్కర్లేదు, నోటితో అడిగితే చాలు, ఫోన్లే అచ్చం మనిషి గొంతుతో తెలుగు చదివిపెడుతున్నాయి. మన తరంవాళ్ళం ఎంత మార్పు చూశామో అనుకుంటాం. కానీ నన్ను తినేసేది ఒక్కటే. నాకు తెలుగు చదవడం వచ్చు. అన్ని ఆదివారాలు ఆ ఇంటికి వెళ్ళి, అన్న పక్కనే కూర్చుని, ఆ మరను బాగుచేస్తూ గడిపాను తప్ప, మిగిలిన సగం నవల నేనే చదివి వినిపించవచ్చన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.